అద్దె భారం మోయలేని కుటుంబాలకు మనం ముందుగా ఏం చేయాలి?

నీలిపలక:
అందరికీ నమస్కారం. మా కాలనీ సంఘం దగ్గర కొంత నిధి పోగైంది. దాంతోపాటు ఒక పెద్దాయన తన ఖాళీ స్థలం ఇస్తానంటున్నారు, అది పేదల ఇళ్లకే వాడాలన్న ఒక్క షరతుతో. మా చుట్టుపక్కల ఇళ్లలో పని చేసేవాళ్లు, ఆస్పత్రి ఆయాలు, డ్రైవర్లు, చిన్న జీతాల టీచర్లు అద్దెలు కట్టలేక ఒక్కొక్కరే దూరం వెళ్లిపోతున్నారు. పని మాత్రం ఇక్కడే. రోజూ అంత దూరం నుంచి వచ్చి పోతున్నారు.

సంఘంలో రెండు వాదనలు నడుస్తున్నాయి. స్థలం ఉంది కాబట్టి ఇళ్లు కట్టేద్దామని కొందరు. కట్టేలోపు ఉన్నవాళ్లు కూడా వెళ్లిపోతారు, ముందు అద్దెకు సాయం చేద్దామని ఇంకొందరు. నాకు రెండూ సబబుగానే అనిపిస్తున్నాయి, అదే ఇబ్బంది. ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లు, వేరే చోట్ల ఎలా జరిగిందో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. దీని మీద మేం నిజంగానే నిర్ణయం తీసుకోబోతున్నాం.

లెక్కలపుస్తకం:
ముందు ఒక లెక్క తేల్చుకోండి. ‘భరించగలిగే అద్దె’ అంటే ఎంత? ఆదాయంలో 30 శాతం దాటకూడదని అందరూ అనేస్తుంటారు. ఈ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. అమెరికాలో 1969లో సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ తెచ్చిన సవరణ ప్రభుత్వ ఇళ్లలో ఉండేవాళ్ల అద్దెను ఆదాయంలో 25 శాతానికి మించనివ్వలేదు. 1981లో దాన్ని 30కి పెంచారు. అప్పటినుంచి చాలాచోట్ల అదే కొలతగా వాడుతున్నారు.

కానీ ఒంటరి ఉద్యోగికీ, నలుగురు పిల్లలున్న ఇంటికీ ఒకే శాతం ఎలా సరిపోతుంది? పెద్ద జీతగాడు 40 శాతం అద్దె కట్టినా హాయిగా బతుకుతాడు. చిన్న ఆదాయం ఇల్లు 20 శాతం కట్టినా, మిగిలినదాంట్లో మందులకూ ఫీజులకూ చాలకపోవచ్చు. అందుకే అద్దె కట్టాక చేతిలో ఎంత మిగులుతోంది, దాంతో ఆ ఇంటికి నెల గడుస్తుందా అని చూడండి. దరఖాస్తులో ఆదాయం ఒక్కటే అడిగితే అసలు కష్టం కనబడదు.

ఇంకోటి, ప్రయాణ ఖర్చు కూడా కలపాలి. ఊరి చివర అద్దె తక్కువే, కానీ ఆ తేడా అంతా బస్సు ఛార్జీలకే పోతుంది. షికాగోలోని ఒక పరిశోధన సంస్థ ఇంటి ఖర్చూ ప్రయాణ ఖర్చూ కలిపి ఆదాయంలో 45 శాతం దాటకూడదని ఒక కొలత పెట్టింది. అది కాస్త మెరుగు.

వేపనీడ:
నేను అద్దెదారుల సహాయ కేంద్రంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ముందు ఉన్న ఇల్లు పోకుండా ఆపండి. ఆ తర్వాతే కొత్త ఇల్లు.

ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చే కుటుంబాలు మా దగ్గరికి ఎందుకొస్తాయో చూస్తే, చాలాసార్లు కారణం ఎప్పటినుంచో ఉన్న పేదరికం కాదు. ఒక ప్రమాదం, ఒక జబ్బు, రెండు నెలలు ఆగిపోయిన జీతం, అంతే. ఆ రెండు నెలలు దాటిస్తే వాళ్లు మళ్లీ తమ కాళ్ల మీద నిలబడతారు. దాటించలేకపోతే ఇల్లు పోతుంది, కొత్త ఇంటికి అడ్వాన్స్ కావాలి, పిల్లల బడి మారుతుంది, పనికి దూరమవుతారు. అప్పుడు అయ్యే ఖర్చు ఆ బకాయి కంటే ఎంతో ఎక్కువ.

దీనికి గట్టి రుజువు కూడా ఉంది. షికాగోలో అద్దె కట్టలేక ఇబ్బందిలో ఉన్నవాళ్లు ఫోన్ చేస్తే ఒకసారి సాయం అందించే ఏర్పాటు ఉంది. అయితే నిధులు కొన్ని రోజులు ఉంటాయి, కొన్ని రోజులు ఉండవు, ఫోన్ చేసేవాళ్లకు ఆ సంగతి ముందు తెలియదు. నిధులున్న రోజు ఫోన్ చేసినవాళ్లనూ లేని రోజు చేసినవాళ్లనూ పరిశోధకులు పోల్చి చూశారు. నిధులున్న రోజు చేసినవాళ్లు ఆరు నెలల్లోపు నిరాశ్రయుల షెల్టర్‌కి చేరే అవకాశం 76 శాతం తక్కువ. 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది ఈ అధ్యయనం. ఇద్దరి కష్టమూ ఒకటే, ఫోన్ చేసిన రోజు మాత్రమే వేరు. అది చదివాక మా కేంద్రంలో నిధి ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాకూడదన్న నియమం పెట్టుకున్నాం.

అద్దెఇల్లు_మాది:
వేపనీడ గారు చెప్పింది మా ఇంట్లో జరిగింది. మావారికి ఆపరేషన్ అయినప్పుడు రెండు నెలల అద్దె ఆగింది. అంతకుముందు ఏళ్ల తరబడి ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. ఓనర్ కొడుకు వచ్చి నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడు. ఇంకో ఇల్లు చూస్తే అడ్వాన్సే మా బకాయికి రెట్టింపు. ఆ డబ్బే ఉంటే ఉన్న ఇంటి అద్దె కట్టేసేవాళ్లం కదా!

చివరికి దూరంగా వెళ్లాం. పాప బడి మారింది. నేను చేస్తున్న రెండు పనుల్లో ఒకటి మానేయాల్సి వచ్చింది, పొద్దున్నే అంత దూరం నుంచి టైమ్‌కి రాలేక. అప్పుడు మాకు కొత్త ఇల్లు అక్కర్లేదండీ. కొంచెం గడువు, ఓనర్‌తో మా తరఫున మాట్లాడే ఒక మనిషి చాలు.

మూడోఅంతస్తు:
ఓనర్ల వైపు నుంచి కూడా ఒక మాట వినండి. నాకు రెండు పోర్షన్లు అద్దెకున్నాయి. ఆ ఇంటి మీద లోను ఉంది, ఈఎంఐ ఆ అద్దెతోనే కడుతున్నాను. అద్దె తక్కువ వస్తే సర్దుకుంటాను, వస్తుందో రాదో తెలియకపోవడమే టెన్షన్. అందుకే అందరం అడ్వాన్స్ ఎక్కువ అడుగుతాం.

సంఘం ఇక్కడ ఒక పని చేయొచ్చు. అద్దెదారుకి అడ్వాన్స్ డబ్బు చేతికివ్వకుండా, ఓనర్‌కి రాతపూర్వకంగా హామీ ఇవ్వండి: ఇల్లు పాడైనా, అద్దె ఆగినా ఇంతవరకు మేం భరిస్తాం అని. బ్రిటన్‌లో చాలాచోట్ల స్థానిక సంస్థలు ఇలాంటి హామీ పత్రాలు ఇస్తాయి. డబ్బు మీ దగ్గరే ఉంటుంది, నష్టం జరిగినప్పుడే కదులుతుంది. ఒకరికి అడ్వాన్స్‌గా ఇచ్చే డబ్బుతో చాలామందికి హామీ ఉండొచ్చు. అలాంటి కాగితం తెస్తే నేనైతే అడ్వాన్స్ లేకుండా ఇస్తాను.

వేపనీడ:
మూడోఅంతస్తు గారూ, ఈ మాట ఒక ఓనర్ నోట వినడం చాలా సంతోషంగా ఉంది. జర్మనీలో చట్టప్రకారం డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకి ఉంది. ఇంగ్లండ్‌లో 2007 నుంచి ఓనర్ ఆ డబ్బును ప్రభుత్వం ఆమోదించిన పథకం కింద భద్రపరచాలి. చట్టం లేని చోట సంఘం హామీ కొంతవరకు ఆ పని చేస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఇల్లు అప్పగించే రోజు ఇద్దరూ కలిసి గదులన్నీ ఫొటోలు తీసుకోవాలి, కుళాయిలు, తలుపులు, గోడల మరకలతో సహా. లేకపోతే ఖాళీ చేసే రోజు ప్రతి పగులూ గొడవే.

కొత్తఅడుగు:
నేను పట్టణ ప్రణాళిక చదువుతున్నాను. పెద్దవాళ్లు చెప్పినవన్నీ నిజమే, కానీ నాకొక అభ్యంతరం ఉంది. ఇళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ అయినప్పుడు అద్దెకు సాయం చేస్తూ పోతే ఆ డబ్బు చివరికి ఓనర్ల చేతికే వెళ్తుంది. ఇళ్ల సంఖ్య పెరగదు. నిధి అయిపోయిన రోజు మళ్లీ మొదటికే వస్తాం.

వియన్నా చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ ఇళ్ల కరువు ఘోరంగా ఉండేది. 1923లో నగరం ఇళ్ల కోసమే ఒక పన్ను వేసింది, విలాసవంతమైన ఇళ్ల మీద ఎక్కువ, మామూలు ఇళ్ల మీద చాలా తక్కువ. ఆ డబ్బుతో 1934 లోపు 60 వేలకు పైగా ఫ్లాట్లు కట్టింది. వాటిలో కార్ల్ మార్క్స్ హోఫ్ అనే కట్టడం కిలోమీటరుకు పైగా పొడవు. ఇప్పటికీ నగర జనాభాలో దాదాపు సగం మంది నగరపాలక సంస్థ ఇళ్లలోనో, పరిమిత లాభంతో నడిచే సంఘాల ఇళ్లలోనో ఉంటున్నారు. సింగపూర్‌లో 1960లో గృహ నిర్మాణ సంస్థ పెట్టారు, ఇప్పుడు పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ఆ సంస్థ కట్టిన ఫ్లాట్లలోనే ఉన్నారు. కట్టకుండా ఏ ఊరూ ఈ సమస్య నుంచి బయటపడలేదు.

లెక్కలపుస్తకం:
బాబూ, నువ్వు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ వియన్నాకి పన్ను వేసే అధికారం ఉంది. సింగపూర్‌కి భూమిని సేకరించే చట్టం ఉంది. కాలనీ సంఘానికి ఉన్నది ఒక నిధి, ఒక స్థలం. వాళ్లు కట్టింది చూసి మురిసిపోకుండా వాళ్లు ఏం పట్టుకుని ఉన్నారో చూడు. రెండు చోట్లా భూమి మీద పట్టు వదల్లేదు. మనం నేర్చుకోగలిగింది అది.

తాపీమేస్త్రి:
కట్టడం గురించి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. చిన్న నిధితో పూర్తి ఇల్లు కట్టాలని చూస్తే ఒకటో రెండో అవుతాయి, నాసిరకంగా అవుతాయి. సగం ఇల్లు గట్టిగా కట్టండి.

చిలీలో ఇకీకే అనే ఊళ్లో ఇలాగే చేశారు. సుమారు వంద కుటుంబాలు నడిబొడ్డున ఒక స్థలంలో ముప్పై ఏళ్లుగా గుడిసెలు వేసుకుని ఉన్నాయి. ప్రభుత్వం ఇచ్చేది కుటుంబానికి 7,500 డాలర్లు, అందులోనే స్థలం, రోడ్డు, డ్రైనేజీ, ఇల్లు అన్నీ. 2004లో అలెహాంద్రో అరవేనా అనే ఆర్కిటెక్టూ ఆయన బృందమూ పూర్తి చిన్న ఇల్లు కట్టకుండా మంచి ఇంట్లో సగం కట్టారు. జనం సొంతంగా కట్టుకోలేని పనులు, అంటే పునాది, పిల్లర్లు, మెట్లు, వంటగది, బాత్రూమ్ పైపులు, అవి ముందే చేశారు. పక్కన ఖాళీ జాగా వదిలారు, చేతిలో డబ్బు ఆడినప్పుడు వాళ్లే ఒక గది వేసుకునేలా. ఆయనకు 2016లో ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద అంతర్జాతీయ బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది.

మా పనిలో ఇది బాగా తెలిసిన సంగతే. గోడ తర్వాత లేపొచ్చు, గిలాబా తర్వాత చేయొచ్చు. పునాది, స్తంభాల్లో తేడా వస్తే తర్వాత ఎవరూ బాగుచేయలేరు. డబ్బు తక్కువైతే టైల్స్ తగ్గించండి, సిమెంటు మోతాదు తగ్గించకండి. ఇటుక పనిలో, కేరళలో తక్కువ ఖర్చుతో ఇళ్లు కట్టిన ఆర్కిటెక్టు లారీ బేకర్ గారు ప్రచారం చేసిన ర్యాట్ ట్రాప్ బాండ్ అని ఉంది, ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కట్టడం. నాలుగో వంతు దాకా ఇటుకలు మిగులుతాయి, ఎండకి లోపల వేడి తక్కువ. కానీ చేయి తిరిగిన పనివాడు కావాలి, తెలియనివాడు కడితే గోడ వంకర తిరుగుతుంది.

వేపనీడ:
మేస్త్రి గారు చెప్పినదాంట్లో నాకు అన్నిటికన్నా నచ్చింది నడిబొడ్డున అన్న మాట. ఆ స్థలం ధర మామూలుగా పేదల ఇళ్లకు పెట్టేదానికంటే మూడు రెట్లు ఉన్నా అక్కడినుంచి వాళ్లను కదిలించలేదు.

మెక్సికోలో దీనికి విరుద్ధంగా జరిగింది. లోన్లు ఇచ్చి ఊళ్లకు దూరంగా లక్షల ఇళ్లు కట్టించారు. పని దూరం, బడి దూరం, బస్సు లేదు, కొన్నిచోట్ల నీళ్లు లేవు. 2010 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద దాదాపు 50 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది. అన్నీ ఈ ఒక్క కారణం వల్లే కాదు, కానీ దూరం ముఖ్యమైన కారణాల్లో ఒకటి. నీలిపలక గారూ, ఆ పెద్దాయన స్థలం ఎక్కడుంది? బస్టాపుకి నడిచి వెళ్లొచ్చా?

నీలిపలక:
వెళ్లొచ్చండీ. బడికీ ఆస్పత్రికీ కూడా దగ్గరే. అందుకే దాని ధర కూడా బాగా పెరిగింది. ఇళ్లు కట్టి ఒక్కో కుటుంబం పేర రిజిస్టర్ చేసేస్తే సంఘం బాధ్యత తీరిపోతుందని కొందరు అంటున్నారు.

కొత్తఅడుగు:
దయచేసి ఆ పని చేయకండి. స్థలాన్ని ముక్కలు చేసి రిజిస్టర్ చేసిన రోజే అది పేదల చేతుల్లోంచి జారడం మొదలవుతుంది. వాళ్లది తప్పని అనను. పెళ్లికో, ఆపరేషన్‌కో డబ్బు అవసరమైతే ఎవరైనా అమ్ముకుంటారు. కొనేవాడు మాత్రం పేదవాడు కాడు.

బ్రిటన్‌లో 1980 చట్టంతో ప్రభుత్వ ఇళ్లలో అద్దెకున్నవాళ్లకు ఆ ఇళ్లను రాయితీ ధరకు కొనుక్కునే హక్కు ఇచ్చారు. కొన్న కుటుంబాలకు మేలే జరిగింది. కానీ ఇంగ్లండ్‌లో దాదాపు 20 లక్షల ఇళ్లు అలా వెళ్లిపోయాయి, వాటి స్థానంలో మళ్లీ కట్టింది చాలా తక్కువ. వాటిలో ఎన్నో ఇప్పుడు ప్రైవేటు ఓనర్ల చేతుల్లో ఎక్కువ అద్దెకు నడుస్తున్నాయి. చివరికి స్కాట్లాండ్ 2016లో, వేల్స్ 2019లో ఆ హక్కునే రద్దు చేశాయి.

దీనికి ఒక దారి ఉంది. స్థలం ట్రస్టు పేర ఉంటుంది, ఎప్పటికీ అమ్మరు. దాని మీద ఇల్లు మాత్రం కుటుంబానిది, దీర్ఘకాలం లీజుతో. కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్ అంటారు. దీని మూలం మనకు చాలా దగ్గరిది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు దానమిచ్చారు, భూదానం అక్కడే మొదలైంది. అయితే ఎవరికి వారు పంచుకున్న భూమి మళ్లీ అప్పుల కింద చేజారడం చూసి, ఊరి భూమి ఊరిదిగానే ఉండాలని గ్రామదానం వైపు మళ్లారు. అమెరికాలో నల్లజాతి రైతుల హక్కుల కోసం పనిచేసినవాళ్లు ఈ గ్రామదానం ఆలోచనను అధ్యయనం చేసి, 1969లో జార్జియాలో న్యూ కమ్యూనిటీస్ అనే సంస్థ పెట్టారు. ఇలాంటి ట్రస్టుల్లో మొదటిది అదే.

మూడోఅంతస్తు:
వినడానికి బాగుంది. కానీ నేల తనది కాని ఇల్లు ఎవరు కొంటారు బాబూ? బ్యాంకు లోను ఇస్తుందా? పిల్లలకు వస్తుందా? అమ్ముకుంటే ఎంతొస్తుంది? ఈ నాలుగింటికీ జవాబు లేకపోతే పేదవాడికి మాత్రం సగం హక్కు చాలా అనే ప్రశ్న వస్తుంది, అది న్యాయమైన ప్రశ్నే.

కొత్తఅడుగు:
న్యాయమైనదే సర్. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ ఊళ్లో జరిగింది చెప్తాను. 1984లో, బెర్నీ శాండర్స్ మేయర్‌గా ఉన్నప్పుడు, నగరం ఇచ్చిన 2 లక్షల డాలర్లతో అక్కడ ల్యాండ్ ట్రస్ట్ మొదలైంది. ఇప్పుడు దాని పేరు చాంప్లేన్ హౌసింగ్ ట్రస్ట్. ఇల్లు పిల్లలకు వస్తుంది. బ్యాంకులు లోను ఇస్తాయి, కాకపోతే లీజు పత్రం బ్యాంకుకి నచ్చేలా ముందే రాసుకోవాలి. అమ్మేటప్పుడు తాము కట్టిన అసలు, దానిమీద ఇంటి విలువ పెరిగినదాంట్లో 25 శాతం కుటుంబానికి వస్తాయి. మిగతా పెరుగుదల ఇంట్లోనే ఉండిపోతుంది, అందువల్ల తర్వాత వచ్చే కుటుంబానికి కూడా అది అందుబాటు ధరకే దొరుకుతుంది. మొత్తం లాభం రాదు, నిజమే. కానీ అద్దెకుంటే ఏమీ రాదు, ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియదు.

లెక్కలపుస్తకం:
న్యూ కమ్యూనిటీస్ కథలో రెండో సగం కూడా చెప్పాలి. వాళ్లకు దాదాపు 5,700 ఎకరాలుండేది. కరవు వచ్చింది, అత్యవసర రుణాల విషయంలో ప్రభుత్వ శాఖ వివక్ష చూపింది, అప్పులు పెరిగి 1985లో భూమి మొత్తం పోయింది. ఆ వివక్ష మీద వేసిన దావాలో వాళ్లకు పరిహారం వచ్చేసరికి 2009 అయింది. ట్రస్టు పేర ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. స్థలాన్ని తాకట్టు పెట్టకూడదని ట్రస్టు పత్రంలోనే రాయించండి. తర్వాత వచ్చే కమిటీ మంచిదే కావచ్చు, అయినా రాయించండి.

ఇక మెయింటెనెన్స్. దీని గురించి ఎవరూ మాట్లాడరు, కట్టిన ఇళ్లు పాడయ్యేది మాత్రం దీనివల్లే. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పేదల కోసం ప్రూయిట్ ఐగో అని 33 పెద్ద భవనాలు కట్టారు, ఒక్కోటి 11 అంతస్తులు. 1954లో జనం చేరారు. నిర్వహణ మొత్తం అద్దెల్లోంచే రావాలన్నారు. అటు ఊరి జనాభా తగ్గుతోంది, ఫ్లాట్లు ఖాళీ అవుతున్నాయి, అద్దెలు తగ్గాయి, దాంతో రిపేర్లు ఆగాయి. రిపేర్లు లేక ఇంకొందరు వెళ్లిపోయారు. 1972లో కూల్చడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లు కూడా నిలవలేదు. పేదలకు ఇల్లిస్తే పాడుచేస్తారని చెప్పడానికి చాలామంది ఆ ఫొటోలు చూపిస్తారు. నాకు చాలా బాధేస్తుంది. అక్కడ లిఫ్టులు, పైపులు బాగుచేయడానికి డబ్బు కేటాయించని నిర్ణయం కాగితం మీద ఉంది, దాని సంగతి చెప్పరు.

కాబట్టి ఇల్లు కట్టే ఖర్చులోనే కొంత పక్కన పెట్టండి. నీళ్ల ట్యాంకు, మోటారు, డ్రైనేజీ, పైకప్పు, ఈ నాలుగింటికీ విడి ఖాతా ఉండాలి. లిఫ్టు అవసరమయ్యేంత ఎత్తు కట్టనేకూడదు, ఈ నిధితో అది మోయలేరు.

తాపీమేస్త్రి:
లిఫ్టు వద్దన్నది నూటికి నూరుపాళ్లు సరైన మాట. ఇంకోటి, ఉరుగ్వేలో గృహ సహకార సంఘాలున్నాయి, కుటుంబాలే కలిసి కట్టుకుంటాయి. వారానికి 21 గంటలు ప్రతి కుటుంబం పని చేయాలి. కూలీ ఖర్చు తగ్గుతుంది. చేతులతో కట్టుకున్న ఇల్లు ఎవరూ పాడవనివ్వరు. ఇక్కడా అలా పెట్టొచ్చు, మేం నలుగురం మేస్త్రీలం దగ్గరుండి నేర్పిస్తాం.

అద్దెఇల్లు_మాది:
మేస్త్రి అన్నా, మీ మనసు మంచిది. కానీ వారానికి 21 గంటలు ఎక్కడి నుంచి తేవాలి? నేను పొద్దున బయల్దేరితే ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. ఇంట్లో చిన్నపిల్ల, ఇంకా పూర్తిగా కోలుకోని మనిషి. చంటిబిడ్డతో ఒంటరిగా ఉన్న ఆడమనిషి, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లు, ముసలివాళ్లు ఏం మోస్తారు? ఇల్లు అందరికంటే ఎక్కువ అవసరమైనవాళ్లు వాళ్లే. శ్రమ చేయగలిగినవాళ్లకే ఇల్లు అంటే వాళ్లు మొదట్లోనే బయట ఉండిపోతారు.

తాపీమేస్త్రి:
అది నిజమే చెల్లెమ్మా. అయితే పని అంటే ఇటుకలు మోయడమే కానక్కర్లేదు. సామాను లెక్క రాయడం, నీళ్లు పట్టించడం, పనిచేసేవాళ్ల పిల్లల్ని చూడటం కూడా పనే, వాటికీ అంతే గంటలు వేయాలి. ఏదీ చేయలేనివాళ్లకు మినహాయింపు ముందే రాసిపెట్టాలి, వాళ్లు వచ్చి అడుక్కునేదాకా ఆగకూడదు. కింది అంతస్తు కూడా వాళ్లకే. వీల్‌చెయిర్ తిరిగేలా తలుపు వెడల్పు పెట్టడానికి కట్టేటప్పుడు పెద్ద ఖర్చేం కాదు, తర్వాత గోడ పగలగొట్టాలంటేనే ఖర్చు.

రాతిమెట్టు:
నేను అన్నీ చదువుతున్నాను. నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. సాయం అర్హులకే వెళ్లాలి. మా వీధి చివర షెడ్డు కింద ఒకాయన పడుకుంటాడు, రోజూ తాగుతాడు. ఆయన కూడా దరఖాస్తు పెడితే ఇల్లిస్తారా? ముందు తాగుడు మానాలి, పనిలో చేరాలి, ఆ తర్వాత చూడాలి. నిధికి ఇచ్చినవాళ్లు అడుగుతారు కదా.

వేపనీడ:
అడుగుతారు, మీరు అడగడంలో తప్పులేదు. ‘ముందు బాగుపడు, తర్వాత ఇల్లు’ అన్న పద్ధతే చాలా దేశాల్లో చాలాకాలం నడిచింది. కానీ రోడ్డు మీద పడుకునే మనిషి తాగుడు ఎలా మానతాడు? రాత్రిళ్లు నిద్ర ఉండదు, ఉన్న సామాను ఎవరో ఎత్తుకుపోతారు, డాక్టరు రాసిన మందులు దాచుకోవడానికి చోటుండదు.

1992లో న్యూయార్క్‌లో ఒక సంస్థ ఈ వరసను తిరగేసింది. ముందు ఇల్లు, షరతులు లేకుండా. చికిత్స, పని ఆ తర్వాత, వాళ్ల ఇష్టంతో. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్ని దేశ విధానం చేసింది. దాని రాజధాని హెల్సింకీలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ నడిపిన పెద్ద షెల్టర్‌లో 250 మంచాలుండేవి, దాన్నే 80 వరకు విడివిడి ఫ్లాట్లుగా మార్చారు. ఇప్పుడు అక్కడున్నవాళ్లు అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టిన అద్దెదారులు, అద్దె కడతారు, అందుకు ప్రభుత్వ భత్యం ఉంది. సాయానికి సిబ్బంది అక్కడే ఉంటారు.

కెనడా అయిదు నగరాల్లో 2009 నుంచి 2013 వరకు రెండు వేలమందికి పైగా నిరాశ్రయులతో దీన్ని పరీక్షించింది. చివరి ఆరు నెలల్లో పూర్తిగా ఇంట్లోనే ఉన్నవాళ్లు, ముందు ఇల్లు ఇచ్చిన వర్గంలో 62 శాతం, మామూలు సేవలు అందుకున్న వర్గంలో 31 శాతం. అందరూ తాగుడు మానేశారని నేను చెప్పను. కానీ ఇల్లు నిలబెట్టుకున్నారు. మీ వీధి చివరి ఆయనకు ఈ నిధి సరిపోకపోవచ్చు, ఆయనకు ఇంటితోపాటు రోజూ పలకరించే మనిషి కావాలి. అది వేరే ఏర్పాటు. కానీ అర్హత లేదని మాత్రం రాయకండి.

రాతిమెట్టు:
సరే. కెనడా లెక్క నేను వినలేదు. ఆలోచించాల్సిన విషయమే. కానీ సిబ్బంది లేకుండా మన సంఘం ఈ పని నెత్తికెత్తుకోకూడదు అనే మాట మీద మాత్రం నేను నిలబడతాను.

వేపనీడ:
అందులో మీతో ఏకీభవిస్తాను.

నీలిపలక:
అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ ప్రింట్ తీసి సంఘంలో పెడుతున్నాను. నిధిని ఇల్లు పోకుండా ఆపే సాయానికీ ఓనర్లకు హామీలకూ వాడటం, స్థలాన్ని ట్రస్టు పేర ఉంచి నెమ్మదిగా సగం ఇళ్ల పద్ధతిలో కట్టడం, ఇలా ప్రతిపాదిస్తాను. కొత్తఅడుగు గారి అభ్యంతరం కూడా రాస్తున్నాను, ఎందుకంటే అది నిజం, అద్దె సాయం ఒక్కటే ఇళ్ల సంఖ్య పెంచదు. కట్టే డబ్బు కోసం ప్రభుత్వాన్ని అడగాల్సిందే.

ఒక్క విషయం తేలలేదు. బకాయి కట్టే సాయం అప్పుగా ఇవ్వాలా, ఊరికే ఇవ్వాలా? సంఘంలో దీనిమీదే ఎక్కువ గొడవ.

లెక్కలపుస్తకం:
తిరిగివ్వగలిగితే ఇవ్వండి అని రాయండి, వడ్డీ వద్దు, గడువు వద్దు. అద్దె కట్టలేనివాళ్ల నెత్తిన ఇంకో వాయిదా పెడితే ఆర్నెల్లకు మళ్లీ అదే గుమ్మంలో నిలబడతారు. తిరిగివచ్చింది వస్తుంది. లెక్క మాత్రం పైసాతో సహా రాసి అందరికీ చూపించండి, మొత్తాలు, ఎన్ని కుటుంబాలు, ఎంత మిగిలింది.

వేపనీడ:
డబ్బు నేరుగా ఓనర్ ఖాతాలో వేయండి, రసీదు కుటుంబానికివ్వండి. ఓనర్ నుంచి ఇంకో ఆరు నెలలు ఖాళీ చేయమననని ఒక కాగితం తీసుకోండి, లేకపోతే బకాయి తీసుకుని మర్నాడే పొమ్మన్నవాళ్లనూ చూశాను. దరఖాస్తు ఒక పేజీ దాటకూడదు. నిర్ణయం మూడు నాలుగు రోజుల్లో రావాలి. కమిటీ నెలకోసారి కూర్చుంటే ఈ సాయానికి అర్థం లేదు, ఖాళీ చేయమన్న గడువు కమిటీ కోసం ఆగదు.

అద్దెఇల్లు_మాది:
నాదొక విన్నపం. లెక్కలు బోర్డు మీద పెట్టండి, పేర్లు పెట్టకండి. ఫొటోలు అసలే వద్దు. మా పాప చదివే బడిలో ఆ ఫొటో ఎవరైనా చూస్తారన్న భయంతోనే నేను అప్పట్లో ఒక చోట సాయం అడగకుండా వెనక్కొచ్చేశాను.

మూడోఅంతస్తు:
నీలిపలక గారూ, హామీ పత్రం నమూనా తయారైతే ఇక్కడ పెట్టండి. ఓనర్‌గా ఏ షరతుల మీద సంతకం పెడతానో, ఏవి చూస్తే వెనకాడతానో చదివి చెప్తాను. మా వరసలో ఇంకో ఇద్దరు ఓనర్లతో కూడా మాట్లాడతాను. ఒక పోర్షన్ వచ్చే నెల ఖాళీ అవుతోంది, దాన్ని ఈ పద్ధతిలోనే ఇస్తాను.